వారసత్వ ఋణం, సమాధానం: రిచ్‌మండ్ సెయింట్ పాల్స్ చర్చి చరిత్రపై ఒక నైతిక పరిశీలన

సంగ్రహం

పూర్వులు చేసిన అన్యాయానికి తరువాతి తరాలు బాధ్యత వహించాలా, వహిస్తే ఏ ప్రాతిపదికన వహించాలి అనే ప్రశ్న నీతితత్త్వంలో ఎడతెగని చర్చకు కారణమైంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్న సెయింట్ పాల్స్ ఎపిస్కోపల్ చర్చి చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. బానిసత్వపు సంపదతో ఎదిగి, అంతర్యుద్ధం తరువాత దక్షిణాది పరాజయ వీరుల స్మారకమందిరంగా మారిన ఈ చర్చి 2015 నుంచి తన గతాన్ని తానే విచారించుకోవడం మొదలుపెట్టింది. ‘సమాధానం’ అనే మాటకు తెలుగులో ఉన్న రెండు అర్థాలు, ధర్మశాస్త్రాలలోని ఋణవిచారం ఈ ఉదంతాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సమాధానం, ఋణం, రిక్థం, సామూహిక బాధ్యత, జాతివివక్ష, ఎపిస్కోపల్ చర్చి

1. ప్రవేశిక

విడిపోయినవారు తిరిగి కలవడాన్ని చెప్పడానికి తెలుగు బైబిలు అనువాదకులు ‘సమాధానపరచు’ అనే క్రియను ఎంచుకున్నారు. దేవునికీ మనిషికీ మధ్య, మనిషికీ మనిషికీ మధ్య తెగిన సంబంధం మళ్లీ అతుక్కోవడం అక్కడ ఆ మాటకు అర్థం. తెలుగు క్రైస్తవుల ప్రార్థనలలో ‘సమాధానం’ అంటే శాంతి, సఖ్యత. క్రైస్తవేతర తెలుగు వ్యవహారంలో అదే మాటకు ప్రధానార్థం ప్రశ్నకు చెప్పే జవాబు. శాస్త్రచర్చలో ఆక్షేపం వచ్చిన తరువాత దానిని పరిష్కరించే వాక్యానికి సమాధానమని పేరు. సంస్కృత ధాతువును బట్టి చూస్తే చెదిరినదానిని ఒకచోట చేర్చి నిలపడం సమాధానం. శాంతి అనే అర్థమూ జవాబు అనే అర్థమూ ఈ మూలం నుంచే వచ్చాయి.

ఈ రెండు అర్థాలకూ ఉన్న సంబంధం కేవలం నిఘంటువుకు చెందిన విషయం కాదు. అన్యాయానికి గురైనవారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా వారితో సఖ్యత సాధ్యమా? జవాబు రాకుండా కుదిరిన సఖ్యత ఎవరి మధ్య కుదిరినట్టు? జాతుల మధ్య సయోధ్య గురించి అమెరికన్ చర్చిలలో నేడు జరుగుతున్న చర్చకు కేంద్రంలో ఉన్నవి ఈ ప్రశ్నలే. సెయింట్ పాల్స్ చర్చి చరిత్రలో ‘సమాధానం’ రెండుసార్లు జరిగింది. మొదటిది 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో, రెండవది 21వ శతాబ్దంలో. మొదటిదానిలో సఖ్యత ఉంది, జవాబు లేదు. రెండవది జవాబుతో మొదలైంది. సఖ్యతకు చేరిందా లేదా అన్నది ఇంకా తేలవలసిన విషయం. ఈ భేదాన్ని స్పష్టం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చర్చి, నగరం, సంపద

ఇంగ్లండు చర్చి నుంచి అమెరికా స్వాతంత్ర్యానంతరం స్వతంత్రంగా ఏర్పడిన శాఖ ఎపిస్కోపల్ చర్చి. వర్జీనియాలో భూస్వాములు, వ్యాపారులు, న్యాయవాదులు అధికంగా ఈ శాఖకు చెందినవారు. రిచ్‌మండ్‌లోని మాన్యుమెంటల్ చర్చి సభ్యులు కొందరు 1840లలో కొత్త సంఘాన్ని ఏర్పాటు చేసుకుని రాష్ట్ర శాసనసభా భవనానికి ఎదురుగా ఆలయాన్ని కట్టించారు. అది 1845లో ప్రతిష్ఠితమైంది. అధికారానికీ ఆరాధనకూ మధ్య ఒక వీధి మాత్రమే అడ్డం.

ఆనాటి రిచ్‌మండ్ పొగాకు, గోధుమపిండి, ఇనుము పరిశ్రమలకు పేరుపొందిన నగరం. అంతకుమించి, న్యూ ఆర్లియన్స్ తరువాత దేశంలోనే పెద్దదైన బానిసల విపణి. చర్చి నుంచి నడిచి వెళ్లగల దూరంలో ఉన్న షాకో బాటమ్ ప్రాంతంలో వేలంశాలలు, బానిసలను బంధించే కొట్లు ఉండేవి. అక్కడ కుటుంబాలు విడదీయబడి తల్లి ఒక చోటికి, బిడ్డ మరొక చోటికి అమ్ముడుపోయేవారు. సంఘపెద్దలలో ఒకరైన జోసెఫ్ రీడ్ ఆండర్సన్ ట్రెడెగర్ ఇనుప కర్మాగారం యజమాని. నైపుణ్యం గల పనులలో బానిసలను నియమించడాన్ని వ్యతిరేకిస్తూ 1847లో తెల్ల కార్మికులు సమ్మె చేసినప్పుడు అతడు వారిని తొలగించి బానిసలతోనే పని సాగించాడు. అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది సైన్యం వాడిన ఫిరంగులలో దాదాపు సగం ఆ కర్మాగారంలో తయారయ్యాయి. ఇటువంటి సంఘంలో కానుకపళ్లెంలో పడిన నాణెం ఎవరి శ్రమ నుంచి వచ్చిందో విడిగా చెప్పనక్కరలేదు.

బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా సమాఖ్య నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు 1861లో కాన్ఫెడరసీ పేరుతో కూటమిగా ఏర్పడి, రిచ్‌మండ్‌ను రాజధాని చేసుకున్నాయి. కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1862లో ఎపిస్కోపల్ సంఘంలో చేరి సెయింట్ పాల్స్‌లో ఆరాధనలకు హాజరయ్యేవాడు. సేనాని రాబర్ట్ ఇ. లీ కూడా రిచ్‌మండ్‌లో ఉన్నప్పుడు ఇక్కడికే వచ్చేవాడు. 1865 ఏప్రిల్ 2, ఆదివారం ఉదయం ఆరాధన సాగుతుండగా పీటర్స్‌బర్గ్ రక్షణరేఖ తెగిపోయిందని, రాజధానిని ఖాళీ చేయాలని లీ పంపిన వార్త డేవిస్‌కు అందింది. అతడు లేచి బయటికి వెళ్లిన ఆ క్షణం చర్చి స్థానిక గాథలో కేంద్రస్థానాన్ని పొందింది. మరునాడు నగరంలో ప్రవేశించిన ఉత్తరాది సేనలలో నల్లజాతి సైనికులు ఉన్నారు. నగరంలోని వేలాది బానిసలకు అది విముక్తి దినం. ఒకే వారాంతాన్ని ఒక వర్గం పతనంగా, మరొక వర్గం విడుదలగా అనుభవించాయి. చర్చి స్మృతిలో మొదటిది మాత్రమే నిలిచింది. మరచిపోవడం కూడా ఒక ఎంపిక అనడానికి ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు.

3. అద్దాలలో రాసిన చరిత్ర

యుద్ధంలో ఓడిన దక్షిణాది తరువాతి దశాబ్దాలలో స్మృతిలో గెలిచింది. యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం, గౌరవం కోసం జరిగిందనే వాదం ‘లాస్ట్ కాజ్’ పేరుతో వ్యాపించింది. సెయింట్ పాల్స్ గోడలపై కాన్ఫెడరేట్ యుద్ధపతాకాల బొమ్మలున్న స్మారక ఫలకాలు వెలిశాయి. 1890లలో లీ, డేవిస్‌ల స్మృత్యర్థం రంగుటద్దాల కిటికీలను అమర్చారు. అప్పటి నుంచి ఈ చర్చికి ‘కాన్ఫెడరసీ కెథెడ్రల్’ అనే పేరు స్థిరపడింది.

ఆ కిటికీల వస్తువును పరిశీలించడం అవసరం. లీ స్మారక కిటికీలో ఫరో ఆస్థానాన్ని విడిచి తన జనుల పక్షాన చేరుతున్న యువకుడైన మోషే కనిపిస్తాడు. అమెరికా సైన్యంలోని ఉన్నతస్థానాన్ని వదులుకుని వర్జీనియా పక్షాన నిలిచిన లీకి ఇది ఉపమానం. డేవిస్ కిటికీలో సంకెళ్లతో అగ్రిప్ప రాజు ముందు నిలిచిన పౌలు ఉన్నాడు. యుద్ధానంతరం రెండేళ్లు ఖైదులో గడిపిన డేవిస్‌కు ఇది ఉపమానం.

అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ ఉపమేయానికీ ఉపమానానికీ మధ్య సాధర్మ్యాన్ని ఒకే అంశానికి పరిమితం చేసి, మిగిలిన కథను దాచారు. మోషే ఫరోను విడిచినది బానిసల విముక్తి కోసం. అమెరికాలోని నల్లజాతి బానిసలు తమ ఆధ్యాత్మిక గీతాలలో ఎన్నో ఏళ్లుగా పాడుకున్న మోషే అతడే. దాస్యం నుంచి పదులకొద్దీ మనుషులను తప్పించిన హారియెట్ టబ్‌మన్‌ను జనం మోషే అని పిలుచుకున్నారు. అదే మోషే రూపాన్ని బానిసత్వాన్ని నిలపడానికి పోరాడిన సేనానికి తొడిగారు. సంకెళ్ల విషయంలోనూ జరిగింది ఇదే. లక్షలాది మనుషుల కాళ్లకు వేసిన సంకెళ్లకు గోడపై చోటు దొరకలేదు గానీ వాటిని కాపాడిన పాలకుడి రెండేళ్ల ఖైదుకు అపొస్తలుని సంకెళ్ల పవిత్రత లభించింది. ఆదివారం పిల్లలకు పాఠంగా నిలిచిన ఈ కిటికీలలో అబద్ధమైన వాక్యం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పాత్రల తారుమారు. అందువల్లనే వాటిని ప్రశ్నించడం ఒక శతాబ్దం పాటు ఎవరికీ తట్టలేదు.

4. మొదటి సమాధానం: పేరు లేని మనిషి

సెయింట్ పాల్స్‌కు సంబంధించి విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథ ఒకటి ఉంది. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు, 1865 జూన్‌లో, ప్రభుభోజన సంస్కారానికి పిలుపు రాగానే ఒక నల్లజాతి మనిషి అందరికంటే ముందు వేదిక వద్దకు నడిచి మోకరించాడు. తెల్ల సభ్యులు కదలక కూర్చున్నారు. అప్పుడు లీ లేచి వెళ్లి అతనికి సమీపంలో మోకరించాడు. తరువాత మిగిలినవారు అనుసరించారు. నేటి శ్రోతలకు ఇది సయోధ్యకు ఆదర్శమైన కథగా వినిపిస్తుంది.

ఈ కథ అచ్చులోకి వచ్చినది 1905లో, సంఘటన జరిగిందని చెప్పిన కాలానికి నలభై ఏళ్ల తరువాత, రిచ్‌మండ్ పత్రికలో ఒక మాజీ కాన్ఫెడరేట్ అధికారి జ్ఞాపకంగా. దాని ప్రామాణ్యాన్ని చరిత్రకారులు సందేహిస్తున్నారు. అయితే నైతిక విచారానికి ప్రామాణ్యం కంటే మరో విషయం ముఖ్యం. ఆ తొలి కథనంలో నల్లజాతి మనిషి రాక ఒక అవమానంగా, సాహసంగా చిత్రితమైంది. దానిని పట్టించుకోనట్టు హుందాగా ప్రవర్తించడం లీ గొప్పతనంగా చెప్పారు. జాత్యంతర సహోదరత్వం అనే అర్థాన్ని తరువాతి తరాలు ఆరోపించాయి. కథ అచ్చయ్యే నాటికి మూడేళ్ల ముందే, 1902 నాటి కొత్త రాజ్యాంగం ద్వారా వర్జీనియా నల్లజాతివారిలో అత్యధికుల ఓటుహక్కును హరించింది. బయట ఓటు లేదు, లోపల ఒక మహనీయుడు మోకరించిన కథ ఉంది. కథ ఆ లేమిని కప్పిపుచ్చింది.

ఈ కథలో లీకి పేరు ఉంది, చెప్పిన అధికారికి పేరు ఉంది, పత్రికకు పేరు ఉంది. వేదిక వద్దకు మొదట నడిచిన మనిషికి మాత్రం లేదు. అతడు ఎవరు, ఏమి ఆశించి వచ్చాడు, లేచిన తరువాత ఎక్కడికి వెళ్లాడు అన్నవి ఎవరూ అడగలేదు. అతని చర్య ఒక ప్రశ్న. బానిసత్వం పోయిన తరువాత ఈ బల్ల అందరిదా, కొందరిదా అని అతడు శరీరంతో అడిగాడు. కథ ఆ ప్రశ్నను లీ ఔదార్యానికి నేపథ్యంగా మార్చుకుంది.

ఇది ఒక్క చర్చి స్వభావం కాదు. అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది డయోసీసులు వేరే ఎపిస్కోపల్ చర్చిగా ఏర్పడ్డాయి. ఉత్తరాదివారు ఆ చీలికను గుర్తించక 1862 నాటి మహాసభలో వారి పేర్లను గైర్హాజరైనవారిగానే పిలిచారు. 1865 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన మహాసభలో పునరేకీకరణ మొదలై త్వరలోనే పూర్తయింది. మనుషులను అమ్మి కొన్న పాపం గురించి పశ్చాత్తాప ప్రకటన ఏదీ ఆ కలయికకు షరతు కాలేదు. చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ 2001లో ప్రచురించిన ‘రేస్ అండ్ రీయూనియన్’ గ్రంథంలో దేశవ్యాప్తంగా జరిగిన ఈ ప్రక్రియను విపులంగా చర్చించాడు. ఉత్తర దక్షిణ ప్రాంతాల తెల్లవారి మధ్య సఖ్యతకు నల్లజాతివారి హక్కులు మూల్యమయ్యాయన్నది ఆయన నిరూపణ. అంటే ‘సమాధానం’ అనే పదం ఒకసారి ఇప్పటికే ఖర్చయింది. అన్యాయం చేసినవారూ దానిని సహించినవారూ సమాధానపడ్డారు. అన్యాయానికి గురైనవారు ఆ ఒడంబడికలో పక్షమే కారు.

అదే ఫిలడెల్ఫియాలో మరో చరిత్ర ఉంది. బానిసగా పుట్టి, భార్య స్వేచ్ఛను ముందు కొని తరువాత తన స్వేచ్ఛను కొనుక్కున్న అబ్సలోమ్ జోన్స్ నాయకత్వంలో ఏర్పడిన సెయింట్ థామస్ ఆఫ్రికన్ చర్చి 1794లో ఎపిస్కోపల్ చర్చిలో చేరింది. డయోసీసు సభలో దానికి ప్రాతినిధ్యం మాత్రం దశాబ్దాల పాటు నిరాకరించారు. ఆరాధించవచ్చు, నిర్ణయించకూడదు అన్నది ఆ నిరాకరణ సారాంశం. 2006 నాటి మహాసభ తీర్మానాన్ని అనుసరించి 2008 అక్టోబరు 4న ఎపిస్కోపల్ చర్చి బానిసత్వంలో తన పాత్రకు బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించినది ఆ సెయింట్ థామస్ చర్చిలోనే.

5. రెండవ సమాధానం

సెయింట్ పాల్స్ 20వ శతాబ్దమంతా మారకుండా ఉన్నదనడం సత్యదూరం. ఉదారవాద వేదాంతిగా తరువాత ప్రసిద్ధుడైన జాన్ షెల్బీ స్పాంగ్ 1969 నుంచి 1976 వరకు ఇక్కడ రెక్టర్‌గా, అంటే సంఘ ప్రధాన గురువుగా, పనిచేశాడు. ప్రసంగవేదికపై భావాలు మారాయి, గోడలపై ఫలకాలు మారలేదు. ఉదారభావం గోడను ముట్టకుండా కూడా చాలాకాలం బ్రతకగలదు.

2015 జూన్ 17న దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో ఇమ్మానుయేల్ చర్చి బైబిలు అధ్యయనంలో కూర్చున్న తొమ్మిదిమంది నల్లజాతివారిని ఒక తెల్ల యువకుడు కాల్చిచంపాడు. అతడు కాన్ఫెడరేట్ పతాకంతో తీయించుకున్న ఛాయాచిత్రాలు బయటపడ్డాయి. అదే పతాకం సెయింట్ పాల్స్ ఫలకాలపై, మోకరించే దిండ్ల అల్లికలో ఉంది. ప్రార్థించేవారు మోకాళ్లు ఆనించే చోట ఉన్న బొమ్మ, ప్రార్థిస్తున్నవారిని చంపినవాడి చేతిలోనూ కనిపించింది. ఆ వేసవిలో అప్పటి రెక్టర్ తన ప్రసంగంలో ఈ చిహ్నాలు లేని చర్చిని ఊహించమని సభ్యులను కోరాడు. నెలల తరబడి చర్చలు జరిగాయి. 2015 నవంబరులో వెస్ట్రీ అనే సంఘపెద్దల సభ యుద్ధపతాకాల చిత్రణలను తొలగించాలని, కిటికీలనూ కుటుంబ స్మారకాలనూ అప్పటికి ఉంచాలని, సంఘ చరిత్రను సమగ్రంగా పరిశోధించాలని నిర్ణయించింది. ‘హిస్టరీ అండ్ రికన్సిలియేషన్ ఇనిషియేటివ్’ ఇలా మొదలైంది. చరిత్ర అనే మాట ముందు, సయోధ్య అనే మాట తరువాత వచ్చిన ఈ పేరులోని క్రమం గమనించదగినది.

సభ్యులు రికార్డులను తవ్వి, సంఘ స్థాపకుల సంపదకూ బానిసల శ్రమకూ ఉన్న సంబంధాన్ని, యుద్ధానంతరం జాతివివక్షా వ్యవస్థలో సంఘ ప్రముఖుల పాత్రను బయటకు తెచ్చారు. ఈ కృషిలో పాల్గొన్న చరిత్రకారుడు క్రిస్టఫర్ అలన్ గ్రేయమ్ రచించిన ‘ఫెయిత్, రేస్, అండ్ ద లాస్ట్ కాజ్’ 2023లో వర్జీనియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతరం నగరమంతటా నిరసనలు చెలరేగాయి. జూన్‌లో డేవిస్ విగ్రహాన్ని నిరసనకారులు కూల్చారు. లీ విగ్రహాన్ని 2021 సెప్టెంబరులో ప్రభుత్వం తొలగించింది. ఆ 2020లోనే సెయింట్ పాల్స్ మిగిలిన కాన్ఫెడరేట్ ఫలకాలను తీసివేసి, కిటికీలను లీ, డేవిస్‌ల స్మృతి నుంచి విడదీయాలని నిర్ణయించింది. గాజు అలాగే ఉంది. అంకితం మాత్రం పోయింది. మోషే మళ్లీ మోషే అయ్యాడు. ఆ తరువాత శిలువమార్గ ధ్యాన సంప్రదాయాన్ని అనుసరించి నల్లజాతి కళాకారిణి జనెల్ వాషింగ్టన్ కాగితపు కత్తిరింపులతో రూపొందించిన చిత్రమాలికకు చర్చి చోటిచ్చింది. సంఘ చరిత్రలోని జాత్యన్యాయ ఘట్టాలు అందులో ధ్యానవస్తువులయ్యాయి.

6. అపరాధం, బాధ్యత, ఋణం

ఇక్కడ మౌలికమైన ఆక్షేపం ఒకటి ఎదురవుతుంది. నేటి సభ్యులలో ఎవరూ బానిసలను కొనలేదు. చాలామంది ఇతర ప్రాంతాల నుంచి వచ్చి చేరినవారు. చేయని తప్పుకు వారెలా పశ్చాత్తాపపడతారు?

జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లో నాజీ నేరాల సందర్భంగా అపరాధాన్ని నేరపరం, రాజకీయం, నైతికం, పారమార్థికం అని నాలుగుగా విభజించాడు. హానా అరెంట్ మరింత కచ్చితంగా అపరాధాన్నీ బాధ్యతనూ వేరుచేసింది. అపరాధం వ్యక్తిది, చేసినవాడితోనే పోతుంది. బాధ్యత సమూహ సభ్యత్వం నుంచి వస్తుంది, సభ్యత్వం ఉన్నంతకాలం ఉంటుంది. ఈ భేదం ఆక్షేపానికి చాలావరకు బదులిస్తుంది. అయితే సభ్యుడు బాధ్యుడని చెప్పడంతో బాధ్యత పరిమాణం తేలదు. ఎంతకు, దేనికి, ఎవరికి అన్నవి మిగిలిపోతాయి.

ఈ చోట ధర్మశాస్త్రాలలోని ఋణవిచారం ఉపయోగపడుతుంది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలోనూ, దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరలోనూ తండ్రి అప్పును కొడుకులు, మనుమలు తీర్చవలసిన నియమం ఉంది. 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరము’ ద్వారా ఈ ధర్మశాస్త్రం తెలుగులోకి వచ్చింది. ఈ విచారంలో రెండు అంశాలు ప్రస్తుతానికి ముఖ్యం. మొదటిది, రిక్థగ్రాహి సూత్రం. రిక్థం అంటే మృతుడు విడిచిన ఆస్తి. దానిని స్వీకరించినవాడే అప్పు తీర్చాలి. ఇక్కడ ఋణం రక్తాన్ని అనుసరించదు, ఆస్తిని అనుసరిస్తుంది. రెండవది, మద్యం, కామం, జూదం కోసం తండ్రి చేసిన అప్పులను కొడుకు తీర్చనక్కరలేదన్న మినహాయింపు. ఆ వ్యసనాల వల్ల కుటుంబానికి ఒరిగినదేమీ లేదన్నది ఈ మినహాయింపుకు చెప్పుకోదగిన హేతువు.

ఈ సూత్రాలను సెయింట్ పాల్స్‌కు అన్వయిస్తే ఆక్షేపం రూపం మారుతుంది. నిన్న చేరిన సభ్యుడు పూర్వులకు రక్తబంధువు కాకపోవచ్చు, కానీ రిక్థగ్రాహి. శాసనసభ ఎదుట ఉన్న భవనం, నిధులు, పరపతి, ఆ పేరుకున్న గౌరవం అన్నీ అతడు అందుకున్నాడు. మినహాయింపు కూడా అతనికి వర్తించదు. బానిసత్వం కుటుంబాన్ని దివాలా తీయించిన జూదం కాదు, కుటుంబాన్ని నిలబెట్టిన ఆదాయం. రిక్థాన్ని అట్టిపెట్టుకుని ఋణాన్ని నిరాకరించే మార్గం ధర్మంలో లేదు. ఈ దృష్టితో చూస్తే సంఘం చేపట్టిన చరిత్ర పరిశోధన పశ్చాత్తాపానికి ముందుమాట కాదు, అదే తొలి చర్య. ఆస్తి లెక్క రాయకుండా అప్పు లెక్క తేలదు.

వర్ణవ్యవస్థను శాసించిన స్మృతి నుంచే ఈ సూత్రాన్ని గ్రహించడంలో ఉన్న వైరుధ్యాన్ని విస్మరించకూడదు. ఆస్తి కలిగే అర్హతనే కొందరికి నిరాకరించిన శాస్త్రం అది. అయితే రిక్థగ్రాహి సూత్రాన్ని చివరిదాకా తీసుకువెళితే, ఆ వ్యవస్థ వల్ల లాభం పొందినవారందరినీ కూడా అది ప్రశ్నిస్తుంది. సూత్రం తన గ్రంథాన్నే నిలదీయగలగడం దాని బలం.

ఋణభావనకు పరిమితి కూడా ఉంది. సామాన్య ఋణంలో ఋణదాత ఎవరో తెలుసు, మొత్తం ఎంతో తెలుసు. బానిసత్వంలో ఋణదాతలు మరణించారు, ఎందరివో పేర్లు కూడా దొరకవు. అపహరించిన జీవితానికి వెల లేదు. దీనికి బదులు కూడా ఋణభావనలోనే ఉంది. దేవ, ఋషి, పితృ ఋణాలను తీసుకున్న చోటనే తీర్చడం అసాధ్యం. ఋషుల ఋణం అధ్యయనంతోనూ, పితరుల ఋణం రాబోయే సంతానంతోనూ తీరుతాయి. దాత లేనప్పుడు ఋణం ముందుతరాలకు చెల్లుతుంది. వర్జీనియా థియలాజికల్ సెమినరీ 2019లో 17 లక్షల డాలర్లతో నిధిని ఏర్పాటు చేసి, ఆ ప్రాంగణంలో బానిసలుగానూ వివక్షాకాలంలో కూలీలుగానూ పనిచేసినవారి వంశీయులకు 2021 నుంచి చెల్లింపులు ప్రారంభించింది. ఇది ఈ తర్కానికి సమీపమైన ఆచరణ. ఆ మొత్తం నష్టానికి సమానమని ఎవరూ భావించరు. ఋణం ఉందని అంగీకరించడమే దాని అర్థం.

7. మూడు ఆక్షేపాలు

ఫలకాల తొలగింపు చరిత్రను చెరిపివేయడమన్నది మొదటి ఆక్షేపం. స్మారకానికీ చరిత్రకూ భేదం ఉంది. స్మారకం ఎవరిని గౌరవించాలో చెబుతుంది, చరిత్ర ఏమి జరిగిందో చెబుతుంది. ఫలకాలు ఉన్న శతాబ్దంలో సంఘానికి తన చరిత్ర తెలియలేదు. వాటిని ప్రశ్నించిన దశాబ్దంలో తెలిసింది.

క్షమించడానికి అర్హులెవరు అన్నది రెండవ ఆక్షేపం. చార్ల్‌స్టన్ మృతుల బంధువులు కొందరు రెండు రోజులలోనే న్యాయస్థానంలో హంతకునికి క్షమాపణ ప్రకటించారు. దేశం దానిని కొనియాడింది. ఆ క్షమ వారి స్వేచ్ఛాదానం. దానిని ఇతరులు హక్కుగా ఆశించడం, క్షమించని బాధితులను దోషులుగా చూడడం మరో అన్యాయం. మారుమనస్సు లేకుండా పొందే క్షమను బాన్‌హాఫర్ 1937లోనే చౌకకృపగా విమర్శించాడు. జవాబు చెప్పే బాధ్యత అన్యాయపు వారసులది. దానిని స్వీకరించాలా వద్దా అన్నది ఎదుటివారి ఇష్టం.

మూడవ ఆక్షేపం కఠినమైనది. అధికసంఖ్యలో తెల్లవారున్న సంఘం తన గతాన్ని తానే పరిశోధించి, తానే పశ్చాత్తాపపడి, తానే ఊరట పొందితే అది కూడా మొదటి సమాధానం వంటిదే కాదా? లీ మోకరించిన కథలో వలె ఇక్కడా దృష్టి తెల్లవారి ఔదార్యంపైనే నిలిచే ప్రమాదం ఉంది. ఈ ఆక్షేపానికి పూర్తి సమాధానం లేదు, ఉండకపోవడమే మేలు. పశ్చాత్తాపం తనను చూసి తాను తృప్తిపడిన క్షణంలో ఆగిపోతుంది. ఇటువంటి ప్రయత్నం విలువ కార్యక్రమాల సంఖ్యలో కంటే, నిర్ణయాధికారం, వనరులు ఎవరి చేతికి మారాయన్న దానిలో తెలుస్తుంది.

8. తెలుగునేలతో సంబంధం

ఎపిస్కోపల్ చర్చి సభ్యంగా ఉన్న ఆంగ్లికన్ సమాజంలోనే తెలుగునేలపై దోర్నకల్ డయోసీసు పెరిగింది. 1912లో దానికి బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆ సమాజంలో తొలి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు దానం, త్యాగం చేస్తున్నారు గానీ భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడడం లేదని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. రిచ్‌మండ్ కథలో మోకరించిన అజ్ఞాత వ్యక్తి అడిగిన ప్రశ్నే ఇది. ఈసారి అడిగినవాడికి పేరూ వేదికా ఉన్నాయి.

అజరయ్య సేవించిన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. జాతివివక్షను ప్రశ్నించిన క్రైస్తవమే కులం ముందు ఎంతవరకు నిలిచిందన్నది తెలుగు క్రైస్తవ చరిత్ర ముందున్న ప్రశ్న. జాషువా ‘గబ్బిలం’లోని కథానాయకుడు జాలిని కోరి సందేశం పంపలేదు, సమాధానం కోరి పంపాడు. జాతి, కులం ఒకటి కావు. వాటి చరిత్రలను ఒకదానిపై ఒకటి మోపడం రెండింటికీ అన్యాయం. కానీ రిక్థం అందుకున్న ప్రతి సంస్థకూ, అది ఆలయమైనా చర్చి అయినా విద్యాపీఠమైనా, లెక్కరాసుకునే బాధ్యత సమానం.

9. ముగింపు

సెయింట్ పాల్స్ చర్చి చరిత్ర నుంచి ఈ వ్యాసం తేల్చిన విషయం ఒకటి. జవాబు అనే అర్థంలో సమాధానం జరగకుండా సఖ్యత అనే అర్థంలో సమాధానం జరగదు. జరిగినట్టు కనిపిస్తే అది బాధితులు లేని ఒడంబడిక. 1865 తరువాత జరిగినది అదే. 2015 తరువాతి ప్రయత్నం క్రమాన్ని సరిదిద్దింది: ముందు చరిత్ర, తరువాత సయోధ్య. ఆ ప్రయత్నానికి ఆధారం పూర్వుల అపరాధాన్ని నెత్తిన వేసుకోవడం కాదు, పూర్వుల రిక్థాన్ని అందుకున్నామన్న ఒప్పుకోలు.

సమాధానం, సమాధి ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. తెలుగు వ్యవహారంలో ఒకటి జవాబైంది, మరొకటి మృతులను పూడ్చిన చోటైంది. గతంతో వ్యవహరించే ప్రతి సమాజం ముందు ఈ రెండు మార్గాలూ ఉంటాయి. 1865 జూన్‌లో వేదిక వద్దకు నడిచాడని చెప్పే ఆ మనిషి పేరు ఎన్నటికీ దొరకకపోవచ్చు. అతని ప్రశ్న మాత్రం పూడ్చిన చోట నిలవలేదు. నూటయాభై ఏళ్ల తరువాత ఆ సంఘం దానిని తన ప్రశ్నగా చదువుకోవడం మొదలుపెట్టింది. జవాబు పూర్తయినదీ లేనిదీ నిర్ణయించే హక్కు మాత్రం చదివేవారిది కాదు, అడిగినవాని వారసులది.